సోయా గోలీలు

పదిహేడో నంబరు చీటీని మడిచి కొంగు చివర ముడేసుకుని ఓబమ్మ గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చుంది. లోపలికి అప్పుడే ఎనిమిదో నంబరు పోయింది. డాక్టర్ ఆండాళ్ తిరుపతి నుంచి నెలకు రెండు శనివారాలు ప్రొద్దుటూరు వస్తుంది. ఆమె వచ్చిన రోజు ఈ మేడమీది హాల్లో కాలు పెట్టే సందుండదు. జమ్మలమడుగు, మైదుకూరు, ఎర్రగుంట్ల, అటు పులివెందుల దాకా రొమ్ము తీయించుకున్న ఆడవాళ్లంతా ఇక్కడికే వస్తారు. వచ్చి, పైట ఒకవైపు కాస్త ఎక్కువగా కప్పుకుని, ఒకరి ఎద ఒకరు చూడకుండా కూర్చుంటారు. ఓబమ్మ పరీక్ష కాగితం లోపల డాక్టరమ్మ బల్ల మీద ఉంది. పది రోజుల కిందట స్నానం చేస్తుంటే ఆపరేషన్ మచ్చ పక్కన శనగ గింజంత గడ్డ చేతికి తగిలింది. దాంట్లోకి సన్నటి సూది గుచ్చి, వచ్చిన బొట్టును గాజుపలక మీద పూసి పరీక్షకు పంపారు. కాగితం నిన్న వచ్చిందని నర్సు మాబున్ని చెప్పింది గానీ అందులో ఏముందో చెప్పలేదు. "డాక్టరమ్మే చెప్తాదిలే అక్కా, కూసో" అంది. ఆ 'చెప్తాదిలే'లో ఏముంది? మంచి మాటైతే నోరాగుతుందా మాబున్నికి? లేక ఎవరికైనా అట్లాగే అంటుందా? నిరుడు తన జుట్టంతా రాలి దిండుకు అంటుకున్నప్పుడు కూడా మాబున్ని ఇదే గొంతుతో "వస్తాదిలే" అంది. వచ్చింది కూడా. జానెడు పొడుగున, తెల్లగా, గొర్రెపిల్ల బొచ్చులా ఉంగరాలు తిరిగి వచ్చింది. కాబట్టి ఆ గొంతులో చెడ్డ ఉండదు. ఉండదనుకుంటే ఉండదు.

కింద వీధిలో ఎవరో స్కూటరును తన్నుతున్నారు, అది దగ్గి దగ్గి ఊరుకుంటోంది. మెట్ల పక్క హోటల్లోంచి ఎర్రకారం దోశ వాసన పైకి వస్తోంది. పొద్దున ఏమీ తినలేదు. ఈపాటికి హాస్టల్లో తోటి వంటమనిషి ఖైరున్నీసా పెద్ద డేగిసాలో నీళ్లు మసలబెట్టి మీల్ మేకర్ వేసి ఉంటుంది. శనివారం ఆడపిల్లలకు అదే కూర. తాను ఉంటే నానిన ముక్కల్ని పిండే పని తనది. చేతుల మధ్య ఒత్తితే బుస్సుమని నీళ్లు కారతాయి. మూడుసార్లు కడిగితే గానీ ఆ పచ్చి గింజ వాసన పోదు. తర్వాత అల్లం వెల్లుల్లి, లవంగం, చెక్క, కొబ్బరి, ధనియాలు. ఆడపిల్లలు మటన్ అనుకుని తింటారు, మటన్ కాదని వాళ్లకూ తెలుసు. పన్నెండేళ్ల కిందట హాస్టల్లో వంటకు కుదిరిన కొత్తలో ఖైరున్నీసా తన పళ్లెంలో ఆ ముక్కలు వేసినప్పుడు ఓబమ్మ పళ్లెం వెనక్కి నెట్టింది. "ఒదినా, నీ ఒట్టు, ఇది మాంసం కాదు. సోయా గింజల పిండి. నూనె తీసేసినాక మిగిలిందాంతో చేస్తారంట. తిను, ఒంట్లో రగతం ల్యా నీకు" అంది. తిన్నది. రాగి సంగటిలోకి బాగుంది. గొర్రెల మంద మధ్య పుట్టి, గొర్రెల మంద ఉన్న ఇంటికే కోడలై వచ్చిన మనిషి, మాంసం అంటే కడుపులో దేవుతుందని ఎవరికి చెప్పుకుంటుంది? ఖైరున్నీసా అడగలేదు. అడక్కుండా వారానికి రెండుసార్లు వండిపెట్టింది.

తొమ్మిదో నంబరు పోయింది. పదో నంబరు ముసలామె ఎప్పుడో నిద్రపోయింది, కోడలు లేపుతోంది. అప్పుడే మెట్లెక్కి ఒకామె వచ్చి, మాబున్ని దగ్గర చీటీ తీసుకుని, ఎదుటి బెంచీ మీద చివర్న కూర్చుంది. మంచి చీర. మెడలో లావుపాటి గొలుసు. ముఖమంతా చెమట, అది మెట్లెక్కిన చెమట కాదు. ఓబమ్మకు ఆ చెమట తెలుసు. గుండెల కింద నుంచి మంట లేచి, మెడ మీదుగా పాకి, చెవుల దాకా కాలి, ఉన్నట్టుండి చల్లబడి వణికిస్తుంది. అందరూ ఆవిర్లు అంటారు. ఆమె కొంగుతో మెడ తుడుచుకుని, సంచీ తెరిచి, ఒక తెల్ల సీసా తీసింది. సీసా మీద పచ్చటి కాయలు, మూడాకులు. రెండు గోలీలు అరచేతిలో వేసుకుని నీళ్లతో మింగింది. ఆ సీసా చూడగానే ఓబమ్మ వీపు నిటారైంది. అదే సీసా. అవే కాయలు. నిరుడు తాను రెండు నెలలు మింగినవే. సోయా గోలీలు. వెంటనే నోటిదాకా వచ్చింది, 'అమ్మా, అవి మింగొద్దు' అనే మాట. అంతలో ఆమె తల పైకెత్తి ఫ్యాను గాలికి ముఖం పెట్టింది. ఎడమ కనుబొమ మీద పాత మచ్చ కనిపించింది. మాట నోట్లోనే ఆగిపోయింది.

రామసుబ్బమ్మ. ఏటవతలి మునెయ్య పెండ్లాం.

పదేళ్లు చూసింది ఆ మచ్చను. కడప కోర్టు ఆవరణలో, వాయిదా వాయిదాకూ. ఇటు పక్క తాను, తన మరిది గురప్ప. అటు పక్క మునెయ్య, వాడి మనుషులు, వాళ్లకు క్యారియర్లో అన్నం తెచ్చిన ఈ రామసుబ్బమ్మ. ఆమె అన్నం వడ్డించేది, తాను చూసేది. చూసి చూసి ఆ మచ్చ ఎంత పొడుగో, ఏ మూల తెగిందో బట్టీ పట్టింది. ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. నీళ్ల కుళాయి దగ్గర ఎదురుపడితే ఒకరు ఆగేవాళ్లు, ఒకరు పోయేవాళ్లు. ఇప్పుడు ఆమె తనను గుర్తుపట్టలేదు. ఎట్లా పడుతుంది? అప్పటి ఓబమ్మకు పిడికిట్లో పట్టని జుట్టు ఉండేది, బుగ్గలు లోపలికి పోయి ఉండేవి. ఈ ఓబమ్మది మందులకు ఉబ్బిన ముఖం, తెల్లటి పొట్టి జుట్టు, కళ్లజోడు. హాల్లో ఒక ముసలామె. అంతే.

పద్నాలుగేళ్ల కిందటి మాట. ఆ ఏడు జిల్లా పరిషత్తు ఎన్నికలు. తమ సుద్దమిట్ట ఊరంతా ఒక నాయకుడి వెనక, ఏటవతలి ఊరంతా ఇంకో నాయకుడి వెనక. ఎందుకని అడిగితే చెప్పేవాళ్లు లేరు. తాతలనాటి గట్టు తగాదా అని ఒకరు, జాతరలో ముందు ఎవరి బండి పోవాలన్న దగ్గర మొదలైందని ఇంకొకరు. తన మొగుడు చెన్నయ్యకు ఇవేవీ పట్టవు. ఆయనకు గొర్రెలు కావాలి, పెన్న ఒడ్డున నీళ్లు కావాలి. అయితే చదువు వచ్చిన మనిషి, అయిదో తరగతి దాకా. అందుకని బూతులో ఏజెంటుగా కూర్చోమన్నారు. కూర్చున్నాడు. మధ్యాహ్నం అవతలివాళ్లు వచ్చి లేచిపొమ్మన్నారు. "ఐదు గంటలదాకా కూసోమని చెప్పినారప్పా, ఐదుకు లేస్తా" అన్నాడంట. ఆ మాటలో పౌరుషం లేదు, పోట్లాట లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేయడం, అంతే. మందను కాయమంటే కాసినట్టు. ఐదుకే లేచి వచ్చాడు. పదకొండో రోజు పట్టపగలు, ఏట్లో ఇసుక తోడి చెలమ చేసి గొర్రెలకు నీళ్లు పెడుతుంటే వచ్చారు. తాను సంగటి గిన్నె ఎత్తుకుని గట్టు దిగేసరికి గొర్రెలు చెదిరి ఉన్నాయి. ఒక్క గొర్రె కూడా నీళ్లు తాగడం లేదు. అదే మొదట చూసింది. ఎండకు నాలుకలు వెళ్లబెట్టి, నీళ్ల చుట్టూ నిలబడి తాగడం లేదు. ఎందుకు తాగడం లేదో దగ్గరికి పోతే గానీ తెలియలేదు.

దినం నాడు వచ్చిన చుట్టాలకు రెండు పొట్టేళ్లు కోశారు. దొడ్లోంచి ఆ వాసన వచ్చినప్పుడు ఓబమ్మ గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. అప్పటి నుంచి అంతే. మొక్కు కాదు, పట్టుదల కాదు, ముక్క గొంతు దిగదు. రెండేళ్లకు మందను గురప్పకు అప్పగించి ప్రొద్దుటూరు వచ్చేసింది. కోర్టులో ఇద్దరు సాక్షులు ఉండేవాళ్లు, ఏట్లో ఆ పక్కనే కర్బూజా తోట కాపలా కాస్తున్న అన్నదమ్ములు. చూశామని పోలీసులకు చెప్పారు, వేలిముద్రలు వేశారు. పదేళ్లు వాయిదాలు పడ్డాయి. ఈలోగా రెండు ఊళ్ల నాయకులూ ఒకే పార్టీలోకి వచ్చారు, జమ్మలమడుగులో ఒకే వేదిక మీద ఒకరికొకరు కండువా కప్పుకున్నారు. ఆ రోజు బిర్యానీకి నలభై పొట్టేళ్లు తెగాయని గురప్పే వచ్చి చెప్పాడు, సంతోషంగానే చెప్పాడు. రెండు నెలల తర్వాత ఆ అన్నదమ్ములు బోనెక్కి, జడ్జిగారి ముఖం చూస్తూ, "మేం చూడలేదు దొరా" అన్నారు. ఇద్దరూ అదే మాట, అదే వరసలో. కేసు కొట్టేశారు. మునెయ్య మెట్లు దిగుతుంటే పూలదండలు వేశారు. "రాజీ అయిపోయినాక ఇంకేం చేస్తాం ఒదినా, అందరూ మనోళ్లే ఇప్పుడు" అన్నాడు గురప్ప. మరి చెన్నయ్యను ఎవరు చంపారు? అందరూ మనవాళ్లే అయితే ఎవరు చంపినట్టు? ఊరంతటికీ తెలిసిన సంగతిని ఒక్క నోరూ పైకి అనలేదు. తనకు అదే నొప్పి. జైలూ ఉరీ ఎట్లా పోతే పోనీ, ఒక్కరు, ఒక్క మనిషి తన ముఖం చూసి ఆ పేరు చెప్పి ఉంటే.

"పదకొండో నంబరు!" మాబున్ని కేక.

రామసుబ్బమ్మ మళ్లీ చెమట తుడుచుకుంటోంది. అంటే ఆమెకూ ఇదే రోగం. ఏవైపో? కుడివైపు పైట బరువుగా ఉంది. ఆమెకూ తనలాగే రోగం తిరగబెట్టకుండా ఆ తెల్ల మాత్ర రాసి ఉంటారు, రోజుకొకటి, అయిదేళ్లు. రోగం తనకు బయటపడినప్పుడు గురప్ప పేపరు ముక్క పట్టుకొచ్చాడు. "ఇదో, సోయాలో ఆడోళ్ల హార్మోను ఉంటాదంట. అది తినే తెచ్చుకున్నావు ఒదినా. మనం మాంసం తినేటోళ్లం, ఆ గడ్డి నీకెందుకు?" అన్నాడు. ఆ మాట మూడు వారాలు తొలిచింది. ఖైరున్నీసా చేతి కూరే తనను చంపుతోందా? ఆ మాట ఖైరున్నీసాకు తెలిసి, ఆమె స్టవ్ ముందు కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చివరికి ఓబమ్మ డాక్టరమ్మనే అడిగేసింది. డాక్టరమ్మ నవ్వలేదు, కసురుకోలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఓబమ్మా, సోయాలో ఉండేది హార్మోను కాదు. హార్మోను మాదిరి కనిపించే పదార్థం. మొదట్లో మేమూ భయపడ్డాం. కానీ చైనాలో దినామూ సోయా తినే ఆడవాళ్లను, నీలాగా ఆపరేషన్ అయినవాళ్లను, వేలమందిని ఏళ్ల తరబడి చూశారు. తిన్నందుకు రోగం తిరగబెట్టలేదు. కొంచెం మేలే కనిపించింది. కూరగా తినే సోయాతో నీకు ఇది రాలేదు. కావలిస్తే ఈ రోజే తిను" అంది. ఆ సాయంత్రం ఖైరున్నీసా వండిన కూర ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారు.

మరి గోలీల సంగతి ఆ తర్వాతే వచ్చింది. ఆవిర్లకు మంచివని మందుల అంగట్లో అమ్మితే కొని మింగింది. కూర మంచిదైతే గోలీ ఇంకా మంచిది కాదా అనుకుంది. "ఇంకేమైనా మింగుతున్నావా?" అని డాక్టరమ్మ అడిగినప్పుడు దాచకుండా సీసా చూపించింది. ఆ ఒక్కసారే డాక్టరమ్మ గొంతు పెద్దది చేసింది. నీది ఆడ హార్మోను తిని పెరిగే రకం గడ్డ, నేనిచ్చే మాత్ర ఆ హార్మోను పోయి కూర్చునే చోట ముందే పోయి కూర్చుంటుంది, కూరలో ఉండేది కొంచెం, గోలీలో ఉండేది దాన్నే తోడి కూరింది, అంత ఎక్కువైతే నా మాత్రను పని చేయనివ్వదేమోనని అనుమానం, ఎలుకల్లో అట్లాగే జరిగింది, మనుషుల్లో ఇంకా తేలలేదు, తేలేదాకా నీ ఒంటి మీద చూడొద్దు అంది. ఓబమ్మకు అర్థమైంది. చెన్నయ్య చేసేవాడు అట్లా. ఈనిన గొర్రె పిల్ల చచ్చిపోతే, దాని తోలు ఒలిచి తల్లి లేని ఇంకో పిల్లకు కప్పేవాడు. తల్లి గొర్రె వాసన చూసి, తన పిల్లే అనుకుని పాలిచ్చేది. సోయాది ఆ కప్పుకున్న తోలు. ఒకటీ రెండూ అయితే తల్లి దగ్గర ఆ మాత్ర మాదిరి కావలి ఉన్నవాడు ఆపుతాడు. మంద మంద వచ్చి పడితే కావలివాణ్ని తొక్కుకుని పోవూ? డాక్టరమ్మకు ఈ మాట చెబితే ఆమె రాసుకుంది కూడా.

అయితే ఈమెకు తెలియదు. చెప్పినవాళ్లు లేరు. రోజూ తెల్ల మాత్ర మింగుతోంది, దాని పక్కనే ఇవీ మింగుతోంది. నాకెందుకు? నేను మింగమన్నానా? తెచ్చిపెట్టింది వాడే అయి ఉంటాడు. వాడి చేత్తో తెచ్చినవి వాడి పెండ్లాం మింగుతుంటే మధ్యలో నేనెవరు? మింగనీ. ఫ్యాను తిరుగుతోంది. ముఖం పక్కకు తిప్పి క్యాలెండరు మీద తారీఖులు చూస్తే సరిపోతుంది. పదిహేడో నంబరు రాగానే లేచిపోతే సరిపోతుంది. రేపెవరైనా అడిగితే, అసలు ఎవరడుగుతారు, అడిగినా చెప్పొచ్చు, చూడలేదు అని. మేం చూడలేదు దొరా. ఆ మాట తన నోటి లోపల తిరిగేసరికి ఓబమ్మ తల తిప్పి మళ్లీ ఆ సీసా కేసి చూసింది. ఆ అన్నదమ్ములు కూడా ఇట్లాగే కర్బూజా తోటలో కూర్చుని అనుకుని ఉంటారు, మనకెందుకు అని. తనకన్నా వాళ్లే నయం, వాళ్లకు ప్రాణభయం ఉండింది. తనకేముంది? ఒక కనుబొమ మచ్చ మీద పాత కోపం. ఆమె చేసిందేముంది, అన్నం వడ్డించడం తప్ప? చేసిందో లేదో తనకేం తెలుసు. తెలియదు. కానీ సీసాలో ఏముందో తెలుసు.

లేచి, రెండడుగులు వేసి, ఎదుటి బెంచీ మీద ఆమె పక్కన కూర్చుంది.

"ఏమ్మా, ఆ గోలీలు డాక్టరమ్మ రాసిచ్చిందా?"

రామసుబ్బమ్మ తిరిగి చూసింది. "లేదక్కా. మా ఆయన హైదరాబాదు నించి తెప్పించినాడు. ఒంట్లో ఆవిర్లు లేస్తాండాయి, నిద్ర ల్యా. ఇవి గింజల నించి తీసినవంట, ఏం కాదంట."

"తెల్ల మాత్ర గూడా మింగుతాండావా? దినామూ ఒకటి?"

"మింగుతాండా. ఆర్నెల్లాయ. నీకూ అదేనా?"

"నాకు రెండో ఏడు. ఆ మాత్ర మింగేటోళ్లు ఈ గోలీలు మింగగూడదమ్మా. మాత్రను పని చేయనీదేమోనని చెప్పినారు. నేనూ తెలీక రెండు నెల్లు మింగినా. సోయా కూర తినొచ్చు, అది ఏం జేయదు. ఈ గోలీల్లోనే లావు కూరింటారు. డాక్టరమ్మకు చూపించినావా?"

"అడగలేదక్కా. గింజలే గదా అనుకున్యా." రామసుబ్బమ్మ సీసాను అటూ ఇటూ తిప్పి చూసింది. ముఖంలో ఒక మెత్తదనం వచ్చింది, ఒకే నొప్పి ఉన్న మనిషి పక్కన కూర్చున్నప్పుడు వచ్చేది. "మంచిమాట చెప్పినావు. మేం ఇప్పుడు పులివెందులలో ఉంటాండాం, ఆయన రోడ్డు పనులు పట్టినాడు. ఆడ ఇట్లాంటియి చెప్పేటోళ్లు ఎవురూ లేరు. మీది యా ఊరక్కా?"

ఈ సీమలో ఇద్దరు కలిస్తే రెండో మాట అదే. ఊరి పేరు చెబితే పార్టీ తెలిసిపోతుంది, పక్షం తెలిసిపోతుంది, ఎవరు ఎవర్ని ఏం చేశారో తెలిసిపోతుంది. మైదుకూరు అనొచ్చు. ప్రొద్దుటూరే అన్నా అబద్ధం కాదు. పన్నెండేళ్లుగా ఇక్కడే కదా. కానీ చెన్నయ్య ఐదుదాకా కూర్చోమంటే ఐదుదాకా కూర్చున్నాడు.

"సుద్దమిట్ట" అంది ఓబమ్మ. "చెన్నయ్య ఇంటోళ్లం."

రామసుబ్బమ్మ చేతిలో సీసా ఆగిపోయింది. మెల్లగా ముఖం దగ్గరికి తెచ్చి చూసింది, జుట్టు చూసింది, కళ్లజోడు వెనక కళ్లు చూసింది. అప్పుడు గుర్తుపట్టింది. బెంచీ మీద జానెడు వెనక్కి జరిగింది. సంచీ ఒళ్లోకి లాక్కుంది. మాట్లాడినప్పుడు గొంతు మారిపోయింది.

"మా ఆయన తెచ్చిన మందు మానమని నువ్వు చెప్తాండావా? నన్ను మాన్పిచ్చి ఏం జేయాలని?"

ఓబమ్మకు కోపం రాలేదు. తాను ఆమె చోట ఉన్నా అట్లాగే అనేది. ఎదుటి పక్షం ఇంట్లో మంచినీళ్లు కూడా తాగని రోజులు చూసిన ఆడవాళ్లు ఇద్దరూ.

"నేనేం జేస్తానమ్మా. నువ్వు లోపలికి పోయినప్పుడు సీసా బల్ల మీద పెట్టు. ఆయమ్మ మింగమంటే మింగు" అని లేచి, మళ్లీ తన చోటికి వచ్చి కూర్చుంది. లోపల ఎక్కడో ఊపిరి సాఫీగా ఆడుతోంది. పన్నెండు. పదమూడు. నిద్రలేచిన ముసలామె కోడలి భుజం పట్టుకుని మెట్లు దిగిపోయింది. స్కూటరు చివరికి స్టార్టయి వెళ్లిపోయింది. రామసుబ్బమ్మ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది, సీసా సంచీలో ఉందో లేదో రెండుసార్లు తడుముకుంది. పద్నాలుగు. పదిహేను. పదహారో నంబరు మనిషి రాలేదు. "పదిహేడు, ఓబమ్మ!" అని మాబున్ని పిలిచింది.

డాక్టర్ ఆండాళ్ కాగితం చదవలేదు, ముందే చదివేసి పక్కన పెట్టింది. గడ్డను మళ్లీ ఒకసారి వేళ్లతో నొక్కి చూసి, చేతులు కడుక్కుంటూ అంది: "ఓబమ్మా, ఇది రోగం కాదు. ఆపరేషన్ చేసిన చోట కొవ్వు గట్టిపడి గడ్డ కట్టింది. సూది పరీక్షలో చెడ్డ కణం ఒక్కటీ లేదు. దాని జోలికి పోవద్దు. నీ మాత్ర నువ్వు మింగు. ఇంకేమీ మింగడం లేదుగా?" లేదని తల ఊపింది. లేచి తలుపు దాకా వచ్చి ఆగింది. "అమ్మా, బయట ఒకామె ఉంది. మీ మాత్రతో పాటు సోయా గోలీలు మింగుతాంది. నేను చెప్తే నమ్మలేదు. మీరు అడగండి" అంది. డాక్టరమ్మ తలెత్తి, "ఎవరు, నీ చుట్టమా?" అంది. "కాదమ్మా" అంది ఓబమ్మ.

తలుపు దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. రామసుబ్బమ్మది పద్దెనిమిది. ఒకరు ఆగారు, ఒకరు పోయారు.

మాబున్ని నెల మాత్రలు అట్టపెట్టెలోంచి తీసి, చీటీ మీద గీత గీసేదాకా ఓబమ్మ కిటికీ దగ్గర నిలబడింది. రోగం కాదు. కొవ్వు. ఆ మాటను లోపల అటూ ఇటూ దొర్లించుకుంది. ఖైరున్నీసాకు చెప్పాలి. గురప్పకు చెప్పకపోయినా పర్వాలేదు. కింద వీధిలో తెల్ల జీపు ఒకటి ఆగి ఉంది, దాని బానెట్‌కు ఆనుకుని ఒకాయన సెల్‌ఫోన్లో మాట్లాడుతున్నాడు. నడుం లావెక్కింది, జుట్టుకు రంగు. మునెయ్యే. పెద్దగా నవ్వుతూ ఎవరికో ఏదో పని చెబుతున్నాడు. ఓబమ్మ చూసింది. పళ్లు పటపటలాడతాయేమో, కళ్లు తిరుగుతాయేమో అనుకుంది. ఏమీ కాలేదు. ఎండలో నిలబడ్డ ముసలాడు. అంతే. మాత్రలు సంచీలో వేసుకుని మెట్ల వైపు తిరిగేసరికి వెనక తలుపు తెరుచుకుంది.

రామసుబ్బమ్మ వచ్చింది. చేతిలో సీసా లేదు. చుట్టూ చూసి, ఓబమ్మను మెట్ల మొదట్లో గోడ మలుపు దగ్గరికి రమ్మన్నట్టు కదిలింది. ఇద్దరూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. కింద మునెయ్య నవ్వు వినిపిస్తోంది.

"ఆయమ్మ సీసా తీసి పక్కన పెట్టేసింది. నువ్వు చెప్పిందే చెప్పింది" అంది రామసుబ్బమ్మ. అని ఆగింది. మెట్ల పక్క కమ్మీని పట్టుకుంది. "నువ్వు చెప్పకుండా ఉండొచ్చు. నేనైతే చెప్పేదాన్ని కాదు."

ఓబమ్మ సంచీని రెండో చేతికి మార్చుకుంది.

"ఆ పొద్దు ఆయన ఇంటికొచ్చినాక ఆ గుడ్డలు నేనే ఉతికినా. ఏటికి పోలేదు. ఇంట్లోనే, తలుపేసుకుని, మూడు తూర్లు ఉతికినా. పోలీసోళ్లు అడిగితే నాకేం తెలీదంటి. కోర్టు నన్ను అడగనే లేదు." గొంతు ఇంకా తగ్గింది, కానీ వణకలేదు. "మీ ఆయన్ని సంపింది మా ఆయనే. చెన్నయ్యను. ఇది మళ్ళ నేను యాడా చెప్పను. నాకు పిల్లోళ్లుండారు. నీకొక్కదానికే చెప్తాండా."

ఆ పేరు. ఆమె నోట. కళ్లలోకి చూసి. ఓబమ్మకు చెవుల్లో ఏట్లో గాలి హోరు వినిపించింది. ఏమనాలి? తెలుసులే అనాలా? ఎన్నేళ్లకు అన్నావు అనాలా? ఎదుట నిలబడ్డ మనిషి ముఖం మీద మళ్లీ మంట పాకడం, చెమట ముత్యాలు కట్టడం కనిపిస్తోంది.

"గోలీలు ఆపినాక కొన్నాళ్లు ఆవిర్లు ఎక్కువైనట్టుంటాది" అంది ఓబమ్మ. "భయపడొద్దు. చన్నీళ్ల గుడ్డ మెడ మీద ఏసుకో. తెల్ల మాత్ర మాత్రం మానొద్దు."

రామసుబ్బమ్మ తలూపింది. కింద జీపు హారను మోగింది, రెండుసార్లు. కొంగు సర్దుకుని, మెట్లు దిగిపోయింది. తలుపు వేసిన చప్పుడు, జీపు కదిలిన చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత వీధి మామూలుగా ఉంది.

ఓబమ్మ మెట్లు దిగబోయి, దిగలేక, మొదటి మెట్టు మీదే కూలబడింది. మాబున్ని పరిగెత్తుకొచ్చి, స్టీలు గ్లాసుతో నీళ్లు చేతికిచ్చి, పక్కన గొంతుక్కూర్చుంది.

"ఏమైందక్కా? రిపోర్టు మంచిగానే వచ్చింది గదా? డాక్టరమ్మ చెప్పలేదా?"

"చెప్పిందమ్మా" అంది ఓబమ్మ. "మంచిగానే ఉంది. శానా మంచిగుంది." అని, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, నీళ్లు తాగకుండా, ఏడవడం మొదలుపెట్టింది. కేసు కొట్టేసిన రోజు రాని ఏడుపు, జుట్టు రాలిన రోజు రాని ఏడుపు. చప్పుడు లేకుండా, తొందర లేకుండా వస్తోంది. మాబున్ని ఆమె వీపు మీద చెయ్యి వేసి అట్లాగే కూర్చుంది. లోపల గంట మోగింది. పందొమ్మిదో నంబరు లేచి నిలబడి ఇటే చూస్తోంది. కాసేపు ఉండమని మాబున్ని చేత్తో సైగ చేసింది.